వెనక పొర

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు ఈశ్వరి రాష్ట్ర వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో పతకం పోగొట్టుకుంది. బలం చాలక కాదు. తల మీదికెత్తిన రాడ్‌ని రిఫరీ చెయ్యి దించేదాకా పట్టుకుని నిలబడాలి. కళ్ళద్దాలు తీసేసి ఎత్తే ఈశ్వరికి ఎదురుగా కూర్చున్న మనిషి ఒక మసక మరకలా కనిపిస్తాడు. ఆ మరక కదిలిందనుకుని రాడ్ వదిలేసింది. రిఫరీ చెయ్యి ఇంకా దిగలేదు.

ఆమె చూపు మైనస్ ఎనిమిది. అద్దాలు పెట్టుకుంటే చెమటకి జారిపోతాయి. లెన్సులు పెట్టుకుంటే కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారతాయి.

"లేజర్ సేయించీ. నెల తిరక్కుండా మళ్ళీ ప్రాక్టీసులో ఉంటావు" అన్నాడు కోచ్ నరసింగరావు. విజయనగరం దగ్గర ఆ ఊళ్ళో ఆడపిల్లలకి బరువులెత్తడం నేర్పింది ఆయనే. తల్లి దాలమ్మ కూడా సరేనంది. పొలంలో కోతలు నడుస్తున్నాయి. ఇంట్లోవాళ్ళకి కుదరక, ఈశ్వరి వెంట మేనమామ జోగయ్య విశాఖపట్నం బయల్దేరాడు.

జోగయ్య ఒకప్పుడు జూట్ మిల్లులో బరువైన జనపనార బేళ్ళు మోసేవాడు. ఎడమ కన్ను వయసులోనే పోయింది. జనపనార దుమ్ము పడి పోయిందని ఇంట్లో అనుకునేవారు. ఈశ్వరికి తెలిసిందీ అంతే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చుక్కలు వేసి, కళ్ళలోకి వెలుగు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా?"

మావయ్యది దుమ్ము వల్ల కదా అని ఈశ్వరి లేదనబోయింది. వెనక కూర్చున్న జోగయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాది పోయినాదమ్మా. ముందు మిణుగురులు తిరిగినట్టు ఉండీది. తర్వాత పక్కనించి నల్ల తెర దిగినట్టయినాది. నొప్పి లేదు. తగ్గిపోతాదిలే అని మిల్లుకెళ్ళి బేళ్ళు మోసీసినాను. తెర నిండిపోయినాక గానీ ఇంట్లో సెప్పలేదు."

డాక్టరమ్మ తలూపి ఈశ్వరి వైపు తిరిగింది. "మీరు అడిగిన లేజర్ కంటి ముందు భాగాన్ని సరిచేస్తుంది. అద్దాలు పోతాయి. చూపునిచ్చే వెనక పొర, రెటీనా, మాత్రం అలాగే ఉంటుంది. మీకు ఆ పొర అంచుల్లో బాగా పలచబడింది. కుడికంట్లో ఒక చిల్లు కూడా ఉంది. ముందు దాని చుట్టూ వేరే లేజర్‌తో అతుకు వెయ్యాలి."

"అతుకేసీస్తే మళ్ళీ బరువులెత్తొచ్చా?"

"ఎత్తమని నేను చెప్పలేను. మీ మావయ్యకి బరువుల వల్లే పోయిందనీ చెప్పను. కానీ ఇలాంటి కళ్ళు పెట్టుకుని ఊపిరి బిగబట్టి అంతంత బరువులెత్తడం మంచిది కాదమ్మా. బయట కూర్చుని ఆలోచించుకోండి."

బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. చుక్కల మందుకి ఈశ్వరి కళ్ళు వెలుగుని తట్టుకోలేకపోతున్నాయి. చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఈ బరువులు మానీ, తల్లీ" అన్నాడు జోగయ్య.

"కన్ను పోయినాక నువ్వు మానినావేటి? మళ్ళీ మోసినావు కదా."

"పిల్లల్ని పెంచాల కదే. నీకేటి బలవంతం?"

"నాకు ఇదొక్కటే వచ్చు, మావయ్యా."

జోగయ్య చేత్తో కుడికన్ను నులుముకున్నాడు. చున్నీ సందులోంచి అది చూసి ఈశ్వరి అడిగింది.

"ఆ కన్ను పోయినాక, ఈ కన్ను ఎవరికైనా సూపించినావా?"

"దీనికేటి? బాగానే కనిపిస్తాది."

"అదీ బాగానే కనిపించీది కదా."

జోగయ్య మోకాళ్ళ మీద చేతులు బిగించాడు. "భయమేస్తాదే. దీనికీ ఉందని సెప్తే నానేటి సెయ్యాల?"

అంత పెద్ద మనిషి నోట ఈశ్వరి ఆ మాట ఎప్పుడూ వినలేదు. చున్నీ తీసేసి ఆయన చెయ్యి పట్టుకుంది.

"లెగు. నువ్వు సూపించుకుంటే నాను రాడ్ ముట్టను."

అనాలనుకుని అన్నది కాదు. నోరు జారి వచ్చింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

డాక్టరమ్మ చూస్తే, జోగయ్యకి మిగిలిన కంట్లో రెండు చిల్లులున్నాయి. మరికొన్నాళ్ళు ఊరుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరికీ ఒకరి తర్వాత ఒకరికి అతుకులు వేశారు.

మర్నాడు ఈశ్వరి ప్రాక్టీసు హాలుకెళ్ళి నరసింగరావుకి విషయం చెప్పింది.

"ఇంకో డాక్టర్‌కి సూపిద్దాం. ఒకరి మాటతో ఇన్నేళ్ళ కష్టం వదిలీసుకుంటావేటి?"

"ఆ డాక్టరు ఎత్తమంటే నా కన్ను మారిపోతాదా సార్?"

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఇంక ఎల్లు, అమ్మా" అన్నాడు, కసిరినట్టే. ఆమె గడప దాటేదాకా ఆయన ఇటు తిరగలేదు.

తర్వాత చాలా రోజులు ఈశ్వరి ఆ దారిన వెళ్ళలేదు. రాడ్ నేల మీద పడిన చప్పుడు దూరం నుంచి వినిపిస్తే చేస్తున్న పని ఆపేసేది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ దాలమ్మ అంది, "పోనీ, అద్దాలకైనా లేజర్ సేయించీయే. డాక్టరమ్మ తర్వాత సెయ్యొచ్చు అన్నాది కదా."

"ఇప్పుడెందుకమ్మా" అంది ఈశ్వరి.

దాలమ్మ కూర గిన్నె ఆమె ముందుకి జరిపింది. ఈశ్వరి అన్నం కలపబోయి చెయ్యి తిప్పి చూసుకుంది. పదమూడో ఏట నుంచి రాడ్ ఒరిపిడికి గట్టిపడుతూ వచ్చిన అరచేతి కాయలు మెత్తబడి, పొరలు పొరలుగా లేస్తున్నాయి.