పేరు చెప్పని మనవి

సువర్ణ ఆ పిల్ల పేరు చెప్పలేదు. మైకు తిరిగి ఇచ్చేస్తూ, ఆ జాగ్రత్త తీసుకున్నానులే అనుకుంది.

శుక్రవారం ఉపవాస కూడిక. ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం. ఒకావిడ మోకాళ్ల నొప్పులన్నది, ఇంకొకావిడ కువైట్‌లో కూతురి వీసా అన్నది. సువర్ణ స్త్రీల సమాజానికి పెద్ద కాబట్టి ఆమె వంతు చివర వస్తుంది. అప్పటికే చాలా మనవులు అయిపోయాయి, జనం ఆవలిస్తున్నారు.

"మా దగ్గర కుట్టు నేర్చుకునే ఒక చెల్లెమ్మ ఉందండి. అన్యురాలు, మన విశ్వాసి కాదు. భర్త చేతిలో దెబ్బలు తింటోంది. రేపు గుడికని బయల్దేరి, మరి ఇంటికి రాకుండా వెళ్లిపోదామనుకుంటోంది. ఆ బిడ్డ మార్గం దేవుడు సరాళం చేయాలని ప్రార్థించండి."

ఆవలింతలు ఆగిపోయాయి. మందిరమంతా ఆమెన్ అంది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. "ఇంత భారం మోస్తున్నావా తల్లీ," అన్నారు పాస్టర్ ఎబినేజర్ గారు. ఆ మాట సువర్ణకు తియ్యగా ఉంది.

మందిరం మీద రెండు మైకు హారన్లు. ఒకటి రోడ్డు వైపు, రెండోది కొబ్బరికాయలు ఒలిచే షెడ్ల వైపు. వాటి మోతకు ఊరు ఎప్పుడో అలవాటు పడింది. సువర్ణా అలవాటు పడింది.

గేటు దగ్గర రత్నం చెయ్యి పట్టుకుంది. "దుర్గాశ్రీ గురించేనా వదినా?"

"నేను పేరు చెప్పలేదే."

"చెప్పాలేంటి? నీ దగ్గర కుట్టుకొచ్చే అన్యుల పిల్ల ఇంకెవరున్నారు? ప్రతి శనివారం వాడపల్లి వెళ్లేది ఎవరు? షెడ్డులో ఆడాళ్లు అప్పుడే అనుకుంటున్నారు. మా చెల్లి ఫోన్ చేసింది."

సువర్ణ చెయ్యి విడిపించుకుని ఇంటికి నడిచింది. ఆ షెడ్డు దుర్గాశ్రీ మొగుడిదే. వెంకటసాయి అంబాజీపేట నుంచి లారీలకు కొబ్బరికాయ ఎత్తించే వ్యాపారి.

ఆ పిల్ల తనంతట తాను ఏదీ చెప్పలేదు. కొలతకి ఆది జాకెట్టు తెమ్మంటే తేకుండా, కొలతలు తీయమంది. టేపు నడుం చుట్టూ పెట్టేసరికి ఒళ్లు ముడుచుకుంది. ఎందుకమ్మా అని అడిగితే అప్పుడు ఏడ్చి, కమిలిన చారలు చూపించింది. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్నానని అత్తగారిని ఒప్పించింది. మొక్కు నిజమే. ఏడో శనివారం స్వామికి దణ్ణం పెట్టుకుని, రావులపాలెంలో విశాఖ బస్సెక్కేస్తుంది. అక్కడ స్నేహితురాలు కుట్టు పని చూసిపెట్టింది. "మీకొక్కరికే చెప్పేనండి ఆంటీ," అంది. ఏడో శనివారం రేపు.

ఫోన్ చేద్దామంటే ఆ పిల్ల ఫోన్ అత్తగారి దగ్గరుంటుంది. ఏం చేయాలో తేలకముందే వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. వెంకటసాయి దిగాడు. వెనక దుర్గాశ్రీ, తల వంచుకుని.

"ఏమ్మా సువర్ణమ్మా, మీ దేవుడికి మా ఇంటి సంగతులు చెప్తున్నావంట?"

"మీ సంగతి కాదు బాబూ."

"మరెవరిది?"

"మా చుట్టాలమ్మాయి. రామచంద్రపురంలో ఉంటది."

"నీ దగ్గర కుట్టు నేర్చుకుంటంది అన్నావంట?"

"అదివరకు నేర్చుకుందండి."

అతను నవ్వాడు. "బాగా చెప్పేవు. ఉపవాసం ఉన్న నోటితో చెప్పేవు కాబట్టి నిజమే అయ్యుంటది." భార్య వైపు తిరిగాడు. "రేపు నేనూ వస్తాను. పుణ్యం నాకూ కావాలి కదా."

దుర్గాశ్రీ అప్పుడు తలెత్తింది. సువర్ణ కేసి ఒక్క చూపు చూసింది. తిట్టినా బాగుండేది.

సువర్ణ ఆ సాయంత్రం తలుపేసుకుని మోకరించింది. క్షమించు ప్రభువా అని మొదలుపెట్టింది. ముందుకు సాగలేదు. ప్రార్థన కోసమే చెప్పానా? ప్రార్థనకైతే, ఇక్కడే, ఈ గదిలోనే చెప్పుకోవచ్చు. దేవుడికి హారన్లు అక్కర్లేదు. జనం ఆవలిస్తున్నారని చెప్పింది. వాళ్లకి తెలియనిది తనకి తెలుసని చెప్పింది. ఆ పిల్ల నడుం మీది కమిలిన చారలు పట్టుకెళ్లి మైకు ముందు పెట్టింది.

పొద్దున్నే మొదటి బస్సెక్కింది. వాడపల్లిలో దిగి, చెప్పులు విడిచి, పమిట తల మీదుగా కప్పుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఏ గుడి లోపలా అడుగు పెట్టలేదు. పెట్టకూడదని స్త్రీల సమాజంలో చెప్పేది కూడా ఆమే.

జనం ఏరులా తిరుగుతున్నారు. గోవింద నామం ఆగడం లేదు. వెంకటసాయి ప్రదక్షిణ చేయడం లేదు. ముందు వైపు నీడలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ప్రతి చుట్టుకీ భార్య తన ముందు నుంచి వెళ్లాలి. కనపడగానే వేలు మడుస్తున్నాడు.

సువర్ణ జనంలో కలిసింది. మనసులో ప్రభువా ప్రభువా అనుకుంటూనే అందరితో పాటు నడిచింది. గుడి వెనక వైపుకొచ్చాక దుర్గాశ్రీ పక్కకు చేరింది.

"నేనమ్మా."

దుర్గాశ్రీ ఉలిక్కిపడలేదు. నడక ఆపలేదు. "ఇక్కడికెందుకొచ్చేరండీ? ఇంకా ఏమన్నా మిగిలిందా చెప్పడానికి?"

"తప్పయిపోయిందమ్మా."

"నమ్మి చెప్పేనండి మీకు. మా అమ్మకి కూడా చెప్పలేదు. రాత్రి ఆయన బ్యాగంతా వెతికేరు. చార్జీ డబ్బులు జాకెట్టు లోపల కుట్టుకున్నాను, మీరు నేర్పిన కుట్టే. అదొక్కటే దొరకలేదు."

"ఇప్పుడు నేను ఆయన దగ్గరికెళ్తాను. నాతో మాట్లాడుతున్నంత సేపూ ఇటు చూడలేడు. ఈసారి ఇక్కడికి రాగానే ముందుకెళ్లకు. ఏటిగట్టు మీద ఆటోలున్నాయి."

"ఆయనకి ఏం చెప్తారు?"

"నిజం చెప్తాను."

దుర్గాశ్రీ మొదటిసారి ఆమె కేసి తిరిగింది. "ఆయన చెయ్యి పెద్దదండి," అంది. తర్వాత జనం ఇద్దరినీ విడదీశారు.

ముందు వైపు రాగానే సువర్ణ వరస తప్పించి పక్కకు వచ్చింది. దుర్గాశ్రీ వెంకటసాయి ముందు నుంచి వెళ్లింది. అతను వేలు మడిచాడు. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, సువర్ణ వెళ్లి అతని ఎదురుగా నిలబడింది. పమిట తల మీంచి తీసేసింది.

"బాబూ, నిన్న నీతో అబద్ధమాడేను."

అతను ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక లేచి నిలబడ్డాడు. "నువ్వా? నీకిక్కడేం పని?"

"మైకులో చెప్పింది నీ పెళ్లాం గురించే. ఆ దెబ్బలు నేను కళ్లారా చూసేను. ఎక్కడెక్కడున్నాయో చెప్పమంటావా? ఇక్కడే, అందరూ వింటుండగా చెప్తాను."

"నోరుముయ్యి."

"నిన్న మూసుకోవాల్సింది. ఇవాళ మూసుకోను."

అతను ఆమె రెక్క పట్టుకుని స్తంభం వెనక్కి లాగాడు. ఆమె బిగిసి నిలబడింది. చెంప మీద దెబ్బ పడింది. చెవిలో గుయ్యిమంది. కొబ్బరికాయలు కొట్టించుకొస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగిపోయారు.

"ఏమయ్యా, దేవుడి దగ్గర ఆడమనిషి మీద చెయ్యేంటి?"

"మీకు తెలీదండి, ఇది మా ఇంటి గొడవ."

"ఇంట్లో అయితే కొట్టొచ్చా ఏంటి?"

ఇంకొందరు చుట్టూ చేరారు. వెంకటసాయి వాళ్లకి జవాబు చెప్పాడు, కసిరాడు, మళ్లీ జవాబు చెప్పాడు. ఉన్నట్టుండి ఆగి తన వేళ్లకేసి చూసుకున్నాడు. ప్రదక్షిణ దారి కేసి చూశాడు. సువర్ణ మొహం చూశాడు. అర్థమైంది. జనాన్ని తోసుకుంటూ గుడి వెనక్కి పరుగెత్తాడు.

సువర్ణ అక్కడే కూలబడింది. ఆ ఆడవాళ్లలో ఒకావిడ నీళ్ల సీసా ఇచ్చి, ఏ ఊరమ్మా అని అడిగింది. సువర్ణ తల ఊపిందే గానీ చెప్పలేదు.

మర్నాడు ఆరాధన మొదలవకముందే వెంకటసాయి మందిరం గేటు దగ్గర నిలబడి అరిచాడు. పెళ్లాం ఎక్కడుందో సువర్ణమ్మకు తెలుసన్నాడు. గుడి చుట్టూ తిరిగిన మనిషి మీకు పెద్దా అని అడిగాడు. అతను వెళ్లాక ఎబినేజర్ గారు ఆమెను గదిలోకి పిలిచారు.

"ప్రదక్షిణ చేసేవటమ్మా?"

"ఒక్కటి చేసేనండి."

"దేనికి?"

ఆయన మంచివాడు. చెబితే అర్థం చేసుకుంటాడు. అర్థం చేసుకుని, ఎక్కడికి పోయిందో కూడా అడిగి, ఆనందం పట్టలేక, సాక్ష్యంగా నలుగురికీ చెబుతాడు. ఆ నలుగురి నుంచి షెడ్డు దాకా ఎంతో దూరం లేదు.

"చెప్పకపోతే నేను సంఘానికి ఏమని చెప్పనమ్మా?"

"తప్పు చేసిందని చెప్పండి. అది నిజమేనండి."

స్త్రీల సమాజం పెద్దరికం రత్నానికి ఇచ్చారు. ఆ ఆదివారం ప్రభువు బల్లలో, రొట్టె పంచే వేళ, సువర్ణను చేయి వేయవద్దన్నారు. రొట్టె పళ్లెం ఆమెను దాటి వెళ్లింది.

బయటికొచ్చాక రత్నం దగ్గరికొచ్చింది. "ఆ పిల్లని తప్పించడానికే కదా వదినా వెళ్లేవు? ఒక్క మాట చెప్పు. సంఘమంతా నిన్ను నెత్తిన పెట్టుకుంటది."

"నాకేం తెలీదు రత్నం."

"నా దగ్గర కూడానా?"

"ఆయ్, నీ దగ్గర కూడా."

తర్వాత చాలా రోజులకు ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వెనక మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"నేనండి ఆంటీ."

సువర్ణ లేచి వీధి తలుపు వేసొచ్చింది. "బాగున్నావా తల్లీ?"

"బాగానే ఉన్నానండి. ఎక్కడున్నానో అడక్కండి."

"అడగను."

"మిమ్మల్ని కొట్టేరు కదా. వెనక నుంచి కేకలు వినపడ్డాయి. నేను ఆగలేదండి."

"ఆగొద్దనే కదమ్మా చెప్పేను."

"మీరు రాకపోతే ఆ రోజు బయటపడేదాన్ని కాదు," అంది దుర్గాశ్రీ. "మీరు చెప్పకపోతే ఆయన అసలు వచ్చేవారే కాదు. రెండూ తలుచుకుంటానండి. ఏది ముందు తలుచుకోవాలో తెలీడం లేదు."

"రెండోదే ముందు తలుచుకోమ్మా."

"ఒకటడగనా? ఏమీ అనుకోకండి."

"అడుగమ్మా."

"నా కోసం ప్రార్థన చేయకండి."

"మనసులో కూడానా?"

"మనసులో కూడా వద్దండి. కొన్నాళ్లు."

రోజూ మూడు పూటలా ఆ పిల్ల పేరు తలుచుకోకుండా ఆమె మోకాళ్ల మీంచి లేచింది లేదు. తనకి మిగిలింది అదొక్కటే.

"అలాగేనమ్మా," అంది.