నూలంటే ఎంత?

పుంగనూరులో ఒక జూనియర్ కాలేజీలో నేను మూడేళ్ళు వడ్రంగం పాఠం చెప్పాను. వడ్రంగం మాత్రం నాకు రాదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా నవ్వొస్తుంది. అప్పట్లో నాకు రాలేదు, అదే నా ఖర్మ. సివిల్ డిప్లొమా పాసై, రెండేళ్ళు ఇంట్లో కూర్చుని, మా ఆవిడ అమరావతి చేత నానా మాటలూ పడి, తొంభై ఆరులో ఇంటర్ ఒకేషనల్‌లో పార్ట్‌టైం పోస్టు సంపాదించాను. నా చేతులతో చేసిన వస్తువంటూ లోకంలో ఒక్కటే ఉంది, ఒక పీట. దాని మీద కూర్చున్న మనిషి ఉత్తరం దిక్కుకు వాలిపోతాడు. మా ఆవిడ దాన్ని కోళ్ళగంప మీద బరువుకు పెట్టింది. ఇంతటి పనిమంతుణ్ణి!

ఇరవై మంది చేరకపోతే కోర్సు ఎత్తేస్తామని ఏటా పైనుంచి కాగితం వచ్చేది. కోర్సు ఎత్తేస్తే నన్నూ ఎత్తేస్తారు. అందుకని పదో తరగతి ఫలితాలు రాగానే చౌడేపల్లె, వాల్మీకిపురం, మదనపల్లె హైస్కూళ్ళ చుట్టూ తిరిగేవాణ్ణి. "చేతిలో పనుంటే ఎవురికీ తలొంచే పని లేదప్పా! ఉలి పట్టినోడు యాడికి పోయినా బతుకుతాడు!" అని చెయ్యి ఊపుతూ ఉపన్యాసం దంచేవాణ్ణి. ఉలి ఏ వైపు పట్టుకోవాలో అడిగే తెలివిగలవాడు ఆ పిల్లల్లో లేకపోవడం నా అదృష్టం.

తొంభై ఏడులో పందొమ్మిది మంది దొరికారు. ఇరవయ్యోవాడి కోసం మదనపల్లెలో వరమ్మ ఇంటికి పోయాను. ఆమె మిషన్ ఆస్పత్రిలో ఆయా. భర్త లేడు. కొడుకు వరప్రసాద్ పదో తరగతి ఫస్ట్ క్లాసు. టీ గ్లాసు నా చేతికిచ్చి ఆమె నిలబడే అడిగింది.

"ఆస్పత్రిలో ల్యాబు పని నేర్పిస్తామని పెద్ద డాక్టరమ్మ అంటా ఉండాది సార్. వీడేమో సెక్కపని అంటాడు, సిన్నప్పట్నించీ అదే పిచ్చి. మీరు సదువుకున్నోరు. ఏది మేలో మీరే సెప్పండి."

"సెక్కపనే మేలమ్మా" అన్నాను. క్షణం కూడా ఆలోచించలేదు. టీ చల్లారకముందే అప్లికేషన్ మీద ఆమె చేత సంతకం పెట్టించాను. సిగ్గులేని మనిషిని, ఏం చెప్పమంటారు?

వరప్రసాద్‌తో వచ్చిన చిక్కేమిటంటే, వాడు వినేవాడు. మిగతా పిల్లలు కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సులు చూస్తుంటే వాడు నేను దగ్గినా రాసుకునేవాడు. ఒకరోజు లేచి నిలబడ్డాడు.

"సార్, మా పక్కింటికి అరవం పక్కనించి వడ్రంగోల్లు వచ్చినారు. రెండు నూలు తగ్గించు, మూడు నూలు వదులు అంటాండారు. నూలంటే ఎంత సార్?"

ఆ మాట నేను పుట్టాక వినలేదు. తెలీదు, కనుక్కుని చెప్తానంటే సరిపోయేది. 'తెలీదు' అనేది నాలుగు అక్షరాలు కూడా లేని ముక్క. కానీ ఇరవై మంది నా మొహం వైపే చూస్తున్నారు. ఎప్పుడూ బస్సులు చూసేవాళ్ళు కూడా ఆ పూటే నన్ను చూడాలా?

"నూలంటే ఏంది? దారం" అన్నాను గంభీరంగా. "పూర్వం దారంతో కొలిచేవాళ్ళు. దారం మందం ఎంతుంటుందో అంత. అర మిల్లీమీటరు. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. అంతటితో ఊరుకున్నానా? క్వార్టర్లీ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కూడా ఇచ్చాను. ఇరవై మందీ కరెక్టుగా రాశారు. నా బోధన ఎంత బాగా ఎక్కిందోనని రెండు రోజులు మురిసిపోయాను.

రెండో ఏడాది చివర మూడు నెలలు ఎవరైనా మేస్త్రీ దగ్గర పనిచేయాలి. ఆయన సంతకం పెడితేనే పరీక్ష, లేకపోతే రెండేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే. వరప్రసాద్‌ను కుప్పంలో సిద్దప్ప మేస్త్రీ దగ్గరికి పంపాను. రెండు నెలలు చప్పుడు లేదు. తర్వాత ఒక కార్డు వచ్చింది. ప్రిన్సిపాల్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నా ముందు పెట్టాడు. "మీ పిల్లోనికి కొలత తెలీదు. సెప్తే ఎదురు మాట్లాడతాడు. వచ్చి తోడుకపోండి. సంతకం పెట్టేది లేదు. సిద్దప్ప."

మర్నాడే బయల్దేరాను. పలమనేరు దాకా వరప్రసాద్‌ను మనసులో తిట్టుకున్నాను. వి.కోట దాటాక వరమ్మ గుర్తొచ్చింది. ల్యాబు పని ఈపాటికి ఇంకెవరికో పోయుంటుంది. కుప్పంలో దిగేసరికి వాణ్ణి తిట్టుకోవడం మానేశాను.

సిద్దప్ప షెడ్డులో నాలుగు తలుపులు గోడకు చేరేసి ఉన్నాయి, అందులో ఒకటి పగిలిపోయి ఉంది. వరప్రసాద్ ఒక మూల తలొంచుకుని నిలబడ్డాడు. పక్కన వాడి సంచి సర్ది పెట్టి ఉంది.

"ఏమప్పా అయివారూ, ఈ తలుపులు సూడు" అన్నాడు సిద్దప్ప. అరవై ఏళ్ళ మనిషి, చెవిలో పెన్సిలు. "నేను వేరే పని మీద పోతా, సట్టానికీ తలుపుకీ నడాన ఒక నూలు సందిడిసి బిగించురా అని సెప్పి పోయినా. వీడు యాడిడిసినాడు? ఎండకు బాగానే ఉండె. గృహప్రవేశం దినం వాన పడె, సెక్క ఉబ్బె. ఆ ఇంటాయన అత్త స్నానాల గదిలో ఇరుక్కుండె. పురోహితుడు మంత్రాలు నిలిపేసినాడు, లోపల్నించి ఆ ముసిలామె తిట్టే తిట్లకు! ఆకరికి తలుపు పగలగొట్టి బయటికి తీసినాం."

నాకు నవ్వొచ్చింది, దిగమింగాను.

"తప్పు జేసినావురా అంటే ఒప్పుకుంటాడా? నూలంటే అర మిల్లీమీటరే, మా సార్ సెప్పినాడు అంటాడు. ముప్పై నాలుగేండ్లుగా ఈ పని సేస్తాండా, నాకే కొలత సెప్తాడు. అంగుళంలో ఎనిమిదో భాగంరా నాయనా అంటే, మీకు తెలీదు మేస్త్రీ, మా సార్ పుస్తకాలు సదివినాడు అంటాడు. షెడ్డులో వీన్ని ఇప్పుడు అందరూ అరనూలు అని పిలుస్తాండారు."

అంగుళంలో ఎనిమిదో భాగం. మూడు మిల్లీమీటర్ల పైమాట. నా గుండె జారింది. కానీ నా నోరుంది చూశారూ, అది నా గుండెతో సంప్రదించదు.

"అంటే మేస్త్రీ, సిలబస్‌లో కొన్ని ప్రాంతాల కొలతలు..." అని మొదలెట్టాను.

వరప్రసాద్ తలెత్తాడు. వాడి మొహం ఒక్కసారిగా వెలిగింది. "సూడండి మేస్త్రీ, నేను సెప్పలా? సిలబస్‌లో ఉండాది. సార్, మీరే సెప్పండి సార్."

ఇంతమంది నవ్వుతుంటే నా తరఫున ఒక్కడే నిలబడి కొట్లాడాడు వాడు. నేను వస్తే అంతా తేలిపోతుందని నా కోసం ఎదురు చూశాడు. ఇంకొక్క అబద్ధం ఆడితే నా మర్యాద నిలుస్తుంది, వాడు సంచి తీసుకుని నాతో బస్సెక్కుతాడు. ఆ అబద్ధం నా నాలుక చివర దాకా వచ్చింది కూడా. దాచడమెందుకు?

"సిలబస్‌లో లేదు" అన్నాను. "నాకు తెలీక చెప్పినా. ఆ దినం మీ ముందర తెలీదనేదానికి నామోషీ అయి, నోటికొచ్చింది చెప్పేసినా. తప్పు నీది కాదు, నాది."

షెడ్డులో రంపం చప్పుడు ఆగింది. ఎవరో కిసుక్కుమన్నారు. సిద్దప్ప వాళ్ళ వైపు ఒక్క చూపు చూశాడు, నవ్వు ఆగిపోయింది. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపు కంటే తిట్టి ఉంటే బాగుండేది.

"అయివారూ, నీకొక సంగతి తెలుసునా? అర మిల్లీమీటరు సందుతో తలుపు బిగించేది నాకు సేతగాదు. మా నాయనకూ సేతగాదు. ఈ పిల్లోడు నీ మాట నమ్మి నాలుగు బిగించినాడు. రేయీ పగలూ సిత్రిక పట్టి పట్టి సేతులు బొబ్బలెక్కినాయి. ఎదురు మాట్లాడతాడని కోపమొచ్చి రాసినా గానీ, ఇట్లాటి సెయ్యి నేను సూడలేదు. ఉండనీ వీన్ని ఈడనే. సంతకం పెడతా."

నా ప్రాణం లేచొచ్చింది. వరప్రసాద్ భుజం మీద చెయ్యి వేయబోయాను. వాడు పక్కకు జరగలేదు గానీ, చెయ్యి ఆనకముందే అడిగాడు.

"మిగతావి గూడా ఇట్లే సెప్పినారా సార్?"

కోపంగా అడగలేదు. క్లాసులో సందేహం అడిగినట్టే అడిగాడు.

"కొన్ని" అన్నాను.

"ఏవేవి సార్?"

ఈసారి నిజంగానే ఆలోచించాను. కలప రకాలు, కీళ్ళు, జిగురు ఆరే టైము. ఏది పుస్తకంలోది, ఏది నా నోట్లో పుట్టింది? అన్నీ ఒకే గొంతుతో చెప్పానాయె.

"అదే నాకు తెలీదు వరప్రసాద్."

వాడు నాకు వీపు పెట్టి సిద్దప్ప వైపు తిరిగాడు.

"మొదట్నించి సెప్పండి మేస్త్రీ" అన్నాడు.

సిద్దప్ప చెవిలోంచి పెన్సిలు తీసి, ఒక చెక్కముక్క ముందుకు లాగి అంగుళం గీశాడు. దాన్ని ఎనిమిది భాగాలు చేశాడు. నా బస్సుకు టైమైంది. నేను కూడా వాళ్ళ వెనకే నిలబడి విన్నాను.