కరెంటు బిల్లు కట్టే బాబాయి

ఆ నెల ఒకటో తారీఖున గొడుగుల బాబాయి ఎప్పటిలాగే తలకి నూనె రాసుకుని, పక్క పాపిడి తీసుకుని, చంకలో చెక్కు పుస్తకంతో ఉచిత ఉతుకుడు శాలకి వచ్చాడు. తన కుర్చీలో కూర్చుని చేయి చాచాడు.

"ఏదమ్మా బిల్లు?"

సిస్టరమ్మ ముఖం వెలిగిపోతోంది. "సున్నా వచ్చింది బాబాయ్ గారూ!"

"సున్నాకి ముందు ఏముంది?"

"ఏమీ లేదండీ. ఉత్త సున్నా."

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. చావు కబురు చదివినవాడిలా దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

సిస్టరమ్మ ఒకప్పుడు పెద్దాసుపత్రిలో నర్సు. ఉద్యోగం అయిపోయాక ఆ ఆసుపత్రి వెనక వీధిలోనే పాత గోదాము తీసుకుని ఈ శాల పెట్టింది. మంచం పట్టినవాళ్ల పక్కబట్టలు, ఇంట్లో కుళాయి లేనివాళ్ల బట్టలు, రోడ్డు మీద పడుకునేవాళ్ల కంబళ్లు ఎవరు తెచ్చినా సరే, చిల్లిగవ్వ పుచ్చుకోకుండా ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇస్తారు. ఉతికే మిషన్లు, ఆరబెట్టే మిషన్లు, ఇస్త్రీపెట్టెలు, అన్నీ కరెంటు తాగేవే. మిగతా ఖర్చులన్నీ ఒక ఎత్తు, కరెంటు ఒక్కటీ ఒక ఎత్తు. అందులో సగం బాబాయి కట్టేవాడు. మిగతా సగానికి సిస్టరమ్మ కనపడ్డవాళ్లందరినీ దేబిరించేది. ఆ బాధ చూడలేక ఒక బ్యాంకు వాళ్లు గోదాము కప్పు నిండా సోలార్ ప్యానెళ్లు పెట్టించారు. పని జరిగేది పగలే, ఎండ కాసేదీ పగలే. ఎండ తానే మిషన్లు తిప్పుకుంటూ, మిగిలినదాన్ని కరెంటు కంపెనీకి పంపించడం మొదలుపెట్టింది.

"ఇక మీకు ఆ భారం తప్పింది బాబాయ్ గారూ," అంది సిస్టరమ్మ సంతోషంగా.

భారం అన్న మాట బాబాయికి ముల్లులా గుచ్చుకుంది. భార్య పోయింది. గొడుగుల కొట్టు అల్లుడి చేతికి వెళ్లింది. బేరం మధ్యలో మామ నోరు విప్పితే చాలు, "మీరు విశ్రాంతి తీసుకోండి మామయ్యా" అంటాడు అల్లుడు. ఇంట్లో కాఫీ తాగడం తప్ప ఆయన చేతుల మీదుగా జరిగే పని మరొకటి లేదు. ఈ శాలలో మాత్రం ఆయనకొక కుర్చీ ఉంది. బిల్లు కట్టేవాడిగా లైట్లు ఆపమని అందరినీ కేకలేసే హక్కుంది.

"పోనీ, సబ్బు పొడికి ఇవ్వండి," అంది సిస్టరమ్మ ఆయన వాలకం చూసి.

"సబ్బు పొడి పళ్ల డాక్టరు గారి ఖర్చు. అందులో నేను వేలు పెడితే ఊరుకుంటాడా?"

"క్లిప్పులకి?"

"నలుగురిలో ఇంత పేరు తెచ్చుకుని, చివరికి క్లిప్పుల దగ్గరకి దిగానా?"

అని, బాబాయి పట్టుదలగా సున్నాకి చెక్కు రాశాడు. అక్షరాల్లో 'సున్నా మాత్రమే' అని కూడా రాసి, సంతకం పెట్టి, స్వయంగా బ్యాంకుకి పట్టుకెళ్లాడు. కౌంటరులో అమ్మాయి ఆ చెక్కుని వెలుతురుకి పట్టి చూసింది.

"ఇది చెల్లదండీ."

"నా ఖాతాలో సున్నా లేదా?"

"ఉందండీ. అందరి ఖాతాల్లోనూ ఉంటుంది."

"మరి ఇవ్వడానికేం?"

ఆ అమ్మాయి మేనేజరుని పిలిచింది. మేనేజరు ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. చెక్కు మాత్రం తీసుకోలేదు.

మర్నాటి నుంచి బాబాయి రోజూ శాలకి రావడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లూ లైట్లు ఆపమని గొంతు చించుకున్న మనిషి, ఇప్పుడు వచ్చీ రాగానే అన్ని లైట్లూ వేసేవాడు. ఎవరూ లేని గదిలో ఫ్యాను పెట్టేవాడు. ఇంటి నుంచి పాత ఫ్రిజ్ రిక్షాలో తెచ్చి, ఖాళీగానే ఆన్ చేసి, తలుపు తెరిచి ఉంచాడు. ఇస్త్రీ చేసే ఆవిడని అందరూ పిన్ని అంటారు. ఆవిడ బల్ల దగ్గర నిలబడి, చేసిన దుప్పటినే మళ్లీ చేయమని పోరేవాడు.

"చేసిందే చేస్తే కాలిపోతుంది బాబాయ్ గారూ."

"అయితే ఈ జేబురుమాలు చెయ్యి."

"పొద్దుట్నుంచి దాన్నే చేస్తున్నాను. అప్పడంలా అయింది."

ఇంత పాటుపడ్డా ఎండ ముందు ఆయన ఆటలు సాగలేదు. పైగా ఆ నెల ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. మళ్లీ ఒకటో తారీఖు వచ్చింది. ఈసారి బిల్లులో అంకె ముందు చిన్న అడ్డగీత కనపడింది. శాల వాడుకున్నదానికంటే పంపించిన కరెంటే ఎక్కువట. కంపెనీయే శాలకి బాకీ పడింది.

బాబాయి లేచి నిలబడ్డాడు. "ఇచ్చే చేతిని పట్టుకుని పుచ్చుకునే చెయ్యి చేశారు కదమ్మా," అని, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

తర్వాత రెండు రోజులు ఆయన జాడ లేదు. మూడోనాడు మిట్టమధ్యాహ్నం పిన్ని పరిగెత్తుకొచ్చింది. "సిస్టరమ్మా, గోడ మీద పెట్టె చూడండి. ఎండ అంకె పడిపోతోంది."

పైనుంచి ఎంత కరెంటు వస్తోందో చూపించే పెట్టె అది. చూస్తుండగానే అంకె ఇంకా తగ్గింది. మబ్బేమో అనుకుని సిస్టరమ్మ వీధిలోకి వచ్చి చూసింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. గోదాము కప్పు మీద మాత్రం నల్లగా గొడుగులు మొలిచాయి. వరసగా, ఒకదాని అంచు ఒకదానికి తగిలేలా, ప్యానెళ్ల మీదంతా విచ్చుకుని ఉన్నాయి. ఎగిరిపోకుండా పిడులని తాడుతో కట్టారు. వాటి మధ్యలో, గొడుగు లేకుండా, నెత్తి మాడిపోతూ బాబాయి నిలబడి ఉన్నాడు.

"మీటరు తిరుగుతోందా?" అని పైనుంచి అరిచాడు.

"తిరుగుతోంది!" అంది పిన్ని నిజాయితీగా.

"ఎటు?"

"మునుపటిలాగే, ముందుకి!"

బాబాయి ముఖంలో చాలాకాలానికి నవ్వు కనిపించింది.

సిస్టరమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని నిచ్చెన ఎక్కింది. పైకి వెళ్లగానే తిట్టలేదు. ముందు ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూసింది. తర్వాత ఒక గొడుగు కట్టు విప్పి ఆయన నెత్తి మీద పట్టింది.

"ఏంటి బాబాయ్ గారూ ఇది?"

"చిన్న బిల్లు చాలమ్మా. పెద్దది వద్దు. ఏదో నా చేత్తో కట్టేంత." ఆయన కప్పు అంచున కూలబడ్డాడు. "ఒకటో తారీఖొస్తే నాకోసం ఎవరో చూస్తుంటారనుకునేవాణ్ణి. ఇప్పుడు సూర్యుడితో పోటీ పడాల్సొచ్చింది. ఆయనకి అల్లుడు కూడా లేడు."

సిస్టరమ్మ గొడుగుని ఆయన వైపు ఇంకాస్త వంచింది. తర్వాత కింద సందులో ఆగి ఉన్న తోపుడు బండిని చూపించింది. "కరెంటుకి పోయే డబ్బు మిగిలింది కదా, దాంతో ఆ బండి కొన్నాను. మనదాకా రాలేనివాళ్ల గుమ్మంలోకే వెళ్లి బట్టలు తెద్దామని. బండి నిండటం లేదు. మురికి బట్టలు పరాయివాళ్ల చేతికివ్వాలంటే సిగ్గు. మంచి చేస్తామంటే మొహం మీదే తలుపేస్తున్నారు."

"తలుపేస్తారా?"

"వేస్తారు. మీరొకసారి వెళ్లి చూస్తారా?"

బాబాయి లేచి గొడుగుల కట్లు విప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రంలోగా అన్నీ తనే ముడిచి, లెక్క చూసుకుని, అల్లుడి కొట్టుకి పంపించేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన బండి తోసుకుంటూ ఆసుపత్రి వెనక ఇరుకు సందులోకి వెళ్లాడు. మొదటి తలుపు ఒక ముసలి దర్జీది. అతని భార్య మంచంలో ఉంది. తలుపు సందులోంచి చెమ్మవాసన వస్తోంది.

"మా ఇంట్లో ఉతకాల్సినవేం లేవు," అన్నాడు దర్జీ. "మేం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోం."

పుట్టిన దగ్గర్నుంచి బాబాయి ఎవర్నీ ఏమీ అడిగి ఎరగడు. అందుకే ఉన్నమాట చెప్పేశాడు.

"తీసుకోమనట్లేదయ్యా. నాకే కావాలి. అక్కడ ఎండంతా వృథాగా పోతోంది. మిషన్లు ఖాళీగా తిరుగుతున్నాయి. చేసిన రుమాలే మళ్లీ చేయించుకుంటున్నా. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, అందుకని అడుగుతున్నా. ఒక్క దుప్పటైనా ఇప్పించి పుణ్యం కట్టుకోండి."

దర్జీ ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. ఎండకి కమిలిన నెత్తి, నూనె పాపిడి, ఖాళీ బండి.

"ఈ వయసులో ఇదేం కష్టమండీ మీకు? ఉండండి," అని లోపలికి వెళ్లాడు. భార్య పక్కబట్టలన్నీ మూటకట్టి తెచ్చాడు. మళ్లీ వెళ్లి ఒక తలగడ గలీబు కూడా పట్టుకొచ్చి పైన పెట్టాడు. "ఇదీ ఉంచండి, కాదనకండి."

బాబాయి రెండు చేతులా అందుకున్నాడు.

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"వచ్చే వారం."

"ఏదో ఒకటి చూసి ఉంచుతాంలెండి. కానీ ప్రతివారం ఇంత ఇవ్వలేం, ముందే చెప్తున్నా."

అప్పటికి పక్కింటావిడ తలుపు తీసి వింటోంది. దర్జీ అంత ఇస్తే తాను తక్కువ ఇస్తే బాగుండదని రెండు కంబళ్లు తెచ్చి బండి మీద వేసింది. సందు చివరికి వచ్చేసరికి బండి తొయ్యడానికి మరొకరి చెయ్యి కావలసొచ్చింది.

శాలలో మూటలు విప్పుతూ పిన్ని ముక్కు చిట్లించింది. "ఇందులో సగం ఉతికినవే బాబాయ్ గారూ. మడత కూడా నలగలేదు."

"మెల్లగా మాట్లాడమ్మాయ్," అన్నాడు బాబాయి, ఎవరైనా విన్నారేమోనని గుమ్మం వైపు చూస్తూ. "ఒకళ్లు మనసారా ఇచ్చినప్పుడు వంకలు పెట్టకూడదు. మళ్లీ ఉతుకు."