టేపు ఆగిన చోటు

మైకులవాడు పొద్దుట్నుంచీ టేపులు వింటూనే ఉన్నాడు. మంచం మీద ఇరవై ఏడు క్యాసెట్లు. అన్నిట్లోనూ గురువుగారి గొంతే. సాయంత్రం నాలుగింటికి ప్రార్థన మందిరంలో సభ. గురువుగారు పోయి ఏడాది.

గుమ్మంలో మరదలు నిలబడింది. చనిపోయిన భార్యకు చెల్లెలు. అద్దకం ఫ్యాక్టరీలో రంగులగదిలో పని. అక్క చేసిన పనే, అక్క నిలబడిన తొట్టి దగ్గరే.

"దొరికిందా బావా?"

"వెతుకుతున్నా."

"అక్క ఉన్నన్నాళ్ళూ నీ పెట్టెలు అద్దంలా ఉండేవి. ఇప్పుడు చూడు, ఎలుకలు కాపురం పెట్టాయి." నవ్వబోయి దగ్గింది. దగ్గు ఒక పట్టాన ఆగలేదు. గోడ పట్టుకుంది.

రంగులగదికి ఆరు కిటికీలు. తడి బట్ట మీద దుమ్ము పడకూడదని ఆరింటికీ మేకులు దిగ్గొట్టారు. తొట్ల పొగ బయటికి పోదు. లోపల ఆడవాళ్ళు. ఒక్కొక్కరే దగ్గుతూ మంచం పట్టారు. మైకులవాడి భార్య మూడోది. నాలుగోది పోకముందే గురువుగారు వెళ్ళి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. పంతొమ్మిది రోజులు. కర్రలతో కొట్టి లేపారు. మర్నాడు కట్టుతో వచ్చి అదే చోట కూర్చున్నారు. చివరికి కిటికీలు తెరిచారు. ఆయన పోయిన నెలకే మళ్ళీ మేకులు కొట్టారు. ఈసారి ఎవరూ అడగలేదు.

"ఆయన గొంతు వింటే చాలు బావా. ఫ్యాక్టరీ ఓనరు వేదిక మీదే ఉంటాడట. కిటికీలు తెరుస్తానని అందరి ముందూ మాటిచ్చాడు కదా. ఆ మాట గురువుగారి నోటే అందరూ వినాలి. అంత జనంలో ఎట్లా కాదంటాడు?"

మైకులవాడు ఇరవై ఏడో టేపు పెట్టాడు. ప్రార్థన నడిచింది. అయిపోయింది. గురువుగారు గొంతు సవరించుకున్నారు. "కూర్చోండి, ఇంకో మాటుంది," అన్నారు. టక్. ఆ తర్వాత చప్పుడు లేదు.

అన్ని టేపులూ అంతే. ఆ సంగతి అతనికి రెండో టేపుకే గుర్తొచ్చింది. ఏ ఒక్కరోజైనా మీట నొక్కడం మరిచిపోయి ఉంటానేమో అని మిగతావి విన్నాడు. మరిచిపోలేదు. పనిలో అంత శ్రద్ధ గలవాడు మరి.

"ఆగిందేం?" అంది మరదలు.

 చెప్పేశాడు. "ప్రార్థన వరకే పట్టేవాణ్ణి. ఆ తర్వాత ఫ్యాక్టరీ గురించి అనేవి పట్టేవాణ్ణి కాదు."

"ఎందుకూ?"

"టేపు దండగని."

అప్పట్లో భార్యకూ అదే చెప్పాడు. ప్రార్థన టేపులు ఇంటింటా అడుగుతారు, తగాదా మాటలు ఎవరడుగుతారు అన్నాడు. "అసలు మాటలు అవే కదయ్యా, పిచ్చి మొహమా," అంది ఆవిడ. చెవిన పెట్టలేదు. ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి మైకు కట్టేదీ తనే. దండగ అనే మాట నోటికి వచ్చింది. భయం అనే మాట రాలేదు.

మరదలు తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అయితే నువ్వే చెప్పు బావా. ప్రతి మాటా పక్కనే కూర్చుని విన్నావుగా. మైకూ నీదే."

నాలుగింటికి మందిరం కిటకిటలాడింది. గురువుగారి ఫొటోకి కొత్త చట్రం కట్టించింది ఓనరే. చట్రం ఫొటో కంటే పెద్దది. వక్తలు ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన ఎంత శాంతమూర్తో చెప్పారు. ఎవరి మీదా గొంతు పెంచలేదట. గేటు సంగతి, కర్రల సంగతి ఒక్కడి నోటా రాలేదు. చివర్న మైకులవాడు టేపు వేశాడు.

ప్రార్థనకు ఓనరు కళ్ళు మూసుకుని తల ఊపాడు. రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. దొంగ ఏడుపు కాదది. నిజంగానే ఏడ్చాడు. మైకులవాడి ఒళ్ళు మండింది. ఇలా హాయిగా ఏడ్చుకునే గురువుగారిని వీడికి తయారుచేసి ఇచ్చింది తనే.

ప్రార్థన అయింది. జనం లేవబోయారు.

"కూర్చోండి, ఇంకో మాటుంది."

అందరూ కూర్చున్నారు. ఓనరు కూడా. స్పీకర్లో టక్‌మని టేపు ఆగింది. అన్ని మొహాలూ స్పీకరు వైపు తిరిగి ఉన్నాయి. రెండో వరసలో మరదలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తోంది.

మైకులవాడు లేచి మైకు తీసుకున్నాడు. మాటలన్నీ ఉన్నాయి. ఆరు కిటికీలు. పంతొమ్మిది రోజులు. మేకులు పీకించండి. వరసగా, గురువుగారు అన్నట్టే ఉన్నాయి. ఓనరు తల తిప్పి చూశాడు.  ముప్పై ఏళ్ళుగా మైకు ముందు మైకులవాడి నోటికి అలవాటైంది ఒక్కటే.

"హలో," అన్నాడు. "హలో... మైక్ టెస్టింగ్..."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు.

"పనిచేస్తోందిలేవయ్యా! సభ అయిపోయాక టెస్టింగ్ ఏమిటి?" అన్నాడు ఓనరు. మంచి మనసుతోనే అన్నాడు. లేచాడు. జనమూ లేచారు. చెప్పుల కోసం తోసుకున్నారు.

మందిరం ఖాళీ అయింది. మైకులవాడు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. మరదలు వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చాలాసేపు చుట్టారు.

"గురువుగారు ఒక రోజు ప్రార్థన తర్వాత అక్క పేరు చెప్పారట గదా," అంది.

"చెప్పారు."

"ఏమన్నారు?"

చెప్పాడు. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు. ఖాళీ మందిరంలో గొంతు ఖంగుమంది. మరదలు వింటూ వైరు చుట్టింది.

"బాగా చెప్పావు," అంది. కొస అతని చేతికిచ్చింది. "వెళ్తా బావా. రేపు నాకు పొద్దుటి షిఫ్టు."

మెట్లు దిగుతూ ఆగి దగ్గింది. వీధి మలుపు దాటాక కూడా వినిపించింది.