నరసయ్య పేరున రసీదు

మస్తానమ్మ మంచి మనిషే కానీ ఆమె నోటికి గడియ లేదు. ఆ సంగతి ఆ జాలర్ల పాళెంలో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. తెలిసి ఏం లాభం? పంచాయతీ బిల్లు కలెక్టరు టేపు పట్టుకుని వాకిట్లోకి వచ్చిన రోజున కూడా ఆ నోరు ఊరుకోలేదు.

ఆయన అడిగింది చిన్న మాట. ఇంటి పక్కన దింపిన పంచ, ఆ సాయమాను కింద ఊరి పెద్దవల కుప్ప పోసి ఉంటే, "ఇక్కడ పెట్టుకున్నందుకు నీకేమైనా ఇస్తారా?" అన్నాడు. ఇంకొకతె అయితే "మా మొహాలకు ఎవరిస్తారయ్యా" అని తప్పుకునేది. మస్తానమ్మకు ఆ మాట అనడం నామోషీ. వేటలో పాలు, అంటే చేపల వాటా, రాని ఇల్లంటే ఆ పాళెంలో దిక్కులేని ఇల్లని అర్థం. "ఎందుకియ్యరు? వల లాగినప్పుడల్లా మా ఇంటికి నిండుపాలు వస్తాది. ఆరేండ్లలో ఒక్కనాడు తప్పలా" అని గొప్పగా చెప్పింది. ఆయన తల ఊపి, ఏదో రాసుకుని పోయాడు. నెల తిరక్కుండా నోటీసు వచ్చింది.

చదివిపెట్టింది సమాధానం అనే అయ్యవారు. పక్క ఊళ్లో మిషను బడిలో పాఠాలు చెప్పే మనిషి. చుట్టుపక్కల పాళేలకు ఏ కాగితం వచ్చినా ఆయన దగ్గరికే పోతారు.

"ఇంటిపన్ను రెండు రూపాయలుండేది, తొమ్మిది చేసినారమ్మా. సాయమాను బాడుగకు ఇచ్చినావంట. నువ్వే చెప్పినావని రాసుండాడు."

"బాడుగా! నా మొగుడి పాలును పట్టుకొని బాడుగంటాడా? వాడి నోట్లో మన్ను పడ!"

"తిట్టేది తర్వాత తిట్టు. ముప్పై దినాలు గడువుంది. అప్పీలు చేసుకుంటే తగ్గిస్తారు. కట్టకుండా ఊరుకుంటే మాత్రం జప్తుకొస్తారు."

జప్తు అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. పోయిన ఏడు హజరత్తయ్య ఇంటి తలుపులు ఊడదీసి బండి మీద వేసుకుపోతుంటే కళ్లారా చూసింది.

ఆ పాలు కథేమిటో ముందు చెప్పుకోవాలి. ఆరేళ్ల కిందట కార్తీక మాసంలో గాలి తిరిగినప్పుడు నలుగురు పోయిన తెప్ప మీద ముగ్గురే తిరిగి వచ్చారు. నరసయ్య రాలేదు, అతని శవమూ రాలేదు. సముద్రం తిరిగి ఇవ్వని మనిషిని ఆ పాళెంలో చచ్చిపోయాడనరు. "ఇంకా రాలేదు" అంటారు. పెళ్లాం గాజుల జోలికి ఎవరూ పోరు. ఆమె తనంతట తాను కాలి మెట్టెలు తీసిన నాడే అతనికి కర్మ చేస్తారు. అందాకా వల లాగినప్పుడల్లా అతని పాలు ఇసుకలో వేరే కుప్పగా పడాల్సిందే. మెట్టెలు తీస్తే ఆ పాలు ఆ తర్వాతి మనిషిది. మిగతా ఆడవాళ్లు ఏడాదికో రెండేళ్లకో గుండె రాయి చేసుకుని తీసేశారు. మస్తానమ్మ ఆరేళ్లయినా తీయలేదు.

నరసయ్య వస్తాడని నమ్ముతోందా అంటే, పాపం, ఆమెకే తెలియదు. కొన్ని రోజులు నమ్ముతుంది, కొన్ని రోజులు తిండికోసమే ఈ వేషం వేస్తున్నానని తనను తనే తిట్టుకుంటుంది. అయితే ఎసట్లో ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పోయడం మాత్రం ఆ చేయి మానలేదు.

అప్పీలు రాయించుకుందామని ఆదివారం మళ్లీ అయ్యవారి దగ్గరికి పోయింది.

"ఆ చేపలు బాడుగ కాదు, మా ఆయన పాలు అని రాయండయ్యా."

"రాస్తా. నోటీసు నరసయ్య పేరున వచ్చింది. కాగితం మీద నరసయ్యే సంతకం చేయాల."

"ఆయన లేడు గదా."

అయ్యవారు కలం పక్కన పెట్టాడు. ఎలా చెప్పాలో తెలియక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "లేడంటే ఊళ్లో లేడనా, అసలుకే లేడనా? ఊళ్లో లేకుంటే వచ్చినాక చేయమంటారు. నువ్వు వేలిముద్ర వేయాలంటే, చనిపోయిన నరసయ్య భార్యను అని మొదట్లోనే రాయాల."

"ఆ మాట లేకుండా కుదరదా?"

"కుదరదమ్మా."

"మా పాళేనికి పెద్ద, పెద్దకాపే వచ్చి సాక్ష్యం చెబితే?"

"చెప్పొచ్చు. పంచాయతీ ప్రెసిడెంటు ఆయన్నీ ఇదే అడుగుతాడు. నలుగురిలో అడుగుతాడు. పెద్దమనిషి అబద్ధమాడడు గదా."

మస్తానమ్మ కాగితం మడిచి రొంటిన దోపుకుంది. ఇన్నాళ్లూ ఆమె నోటితో అనని మాట, పాళెంలో ఎవరూ ఆమె ముందర అనని మాట, ఏడు రూపాయల కోసం సిరాతో రాయించాలట. ఒళ్లు మండిపోయింది. అంతలోనే భయమేసింది. ఆ మాట ప్రెసిడెంటు నలుగురిలో చదివాక, మెట్టెలు కాలికి ఉంటేనేం, లేకపోతేనేం!

ఇంటికొచ్చేసరికి మరిది రమణయ్య సాయమాను కింద కూర్చుని వల కుడుతున్నాడు. నరసయ్య తమ్ముడు. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టినా ఇంకా సగంపాలు మనిషే. అన్న పాలు ఖాళీ అయితే తర్వాతి వంతు అతనిదే.

"వదినా, అప్పీలు పెట్టు. ఏటేటా తొమ్మిది రూపాయలు యాడనుంచి తెస్తావు? కావాలంటే నేనొస్తా నీ ఎంబడి."

"నీకేంది అంత తొందర? నిండుపాలు మీద కన్నుపడిందా?"

అనకూడని మాట. గడియ లేని నోరు, అనేసింది. రమణయ్య కుడుతున్న దారం బిగించి ముడి వేశాడు.

"కన్నుపడిందనే అనుకో. నా పిల్లకాయలకు మాత్రం ఆకలి గాదా? అయినా వదినా, ఈ ఆరేండ్లలో నీ మెట్టెల మాట నేను ఒక్కసారన్నా ఎత్తినానా?"

ఎత్తలేదు. ఆమె సిగ్గుపడింది. క్షమించమనడం చేతగాక, లోపలికి పోయి చెంబుతో గంజి తెచ్చి అతని పక్కన పెట్టింది. అతను వంచిన తల ఎత్తకుండానే తాగాడు.

గడువు రోజులు ఒక్కొక్కటే గడిచిపోయాయి. అప్పీలు పెడితే మొగుడు పోతాడు, పెట్టకపోతే ఇంటి తలుపులు పోతాయి. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరుగుతున్నంతసేపూ ఇదే గోల. బేరం చేసేవాళ్ల మీద ఊరికే అరిచేది. ఒకనాడు చిల్లర ఇవ్వడం మరిచిపోయి, దొంగ అనిపించుకుని వచ్చింది.

ఆఖరి రోజు పొద్దున లేచేసరికి మనసు కుదుటపడి ఉంది. అప్పీలూ వద్దు, గిప్పీలూ వద్దు. వాళ్లు బాడుగంటే అననీ. పన్ను కట్టేస్తే ఆయనను చంపమని ఎవరూ అడగరు గదా! మరి డబ్బు? చెవికమ్మలు సాయమానుకు కప్పు వేయించినప్పుడే అమ్ముడుపోయాయి. మిగిలినవి మెట్టెలు. అత్త కాళ్లనుంచి తన కాళ్లకు వచ్చిన బరువైన వెండివి. అవి అమ్మి, ఇత్తడివి కొని పెట్టుకుంటే సరిపోతుందనుకుంది. వెండయినా ఇత్తడయినా మెట్టె మెట్టే గదా.

నాయుడుపేటలో షావుకారు మెట్టెలు తూచి ఎనిమిది రూపాయలు చేతిలో పెట్టాడు. రొంటిన ఉన్న చిల్లర కలిపితే సరిగ్గా తొమ్మిది. ఇత్తడివి కొనడానికి అణా మిగల్లేదు. శుక్రవారం సంతలో కొందాంలే, ఇసుకలో నడిచేదాని కాళ్లు ఎవరు చూస్తారు అనుకుని, గబగబా పంచాయతీ ఆఫీసుకు నడిచింది. అదిగో, అక్కడే ఆమె తెలివి తెల్లారింది.

గుమాస్తా దస్తరం తిప్పాడు. "ఇంటి యజమాని నరసయ్య. ఆయనేడి?"

"వేటకు పోయినాడు" అంది మస్తానమ్మ.

అబద్ధం కాదు. గుమాస్తా తల కూడా ఎత్తలేదు. నరసయ్య చెల్లించినట్టు రసీదు రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. ఆమెకు అక్షరాలు రావు, అయినా ఏది మొగుడి పేరో చూపించమని అడిగి మరీ చూసుకుంది. దారి పొడవునా తనలో తానే నవ్వుకుంది. సర్కారోళ్లే రాసిచ్చారు, ఇంకేం కావాలి!

పాళెం మొదట్లో ఆడవాళ్లు ఎండుచేపలు ఏరుతున్నారు. కింద కూర్చున్నవాళ్ల కళ్లకు ముందు కనపడేది పాదాలే. నాగులమ్మ ఆ కాలివేళ్ల మీద మెట్టెలుండే చోట తెల్లటి మచ్చలు చూసి నోటిమీద చేయి వేసుకుంది. మస్తానమ్మ చూసింది. పెద్దకాపుతో సంగతంతా చెప్పుకుందామని నేరుగా ఆయన ఇంటికి పోతే, ఆయన చుట్టాల ఊరికి పోయి ఉన్నాడు. రేపు ఒడ్డున చెబుదాంలే అని ఇంటికి వచ్చేసింది.

మర్నాడు ఆమె ఒడ్డుకు పోయేసరికి వల లాగడం అయిపోయింది, కుప్పలు పడ్డాయి. మగవాళ్లంతా తలగుడ్డలు తీసి నిలబడ్డారు. నరసయ్య కుప్ప ఎప్పుడూ పడేచోటే ఉంది కానీ, దాని ముందర రమణయ్య గంప ఉంది.

"మావా, ఆయన పాలేది?"

పెద్దకాపు చిన్నపోలయ్య ఆమె పాదాల వైపు చూశాడు. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నాళ్లకు ఒప్పుకున్నావా తల్లీ?"

"ఒప్పుకోలా! పన్ను కట్టేదానికి అమ్మినా మావా! ఆయన పేరు చెడకూడదనే అమ్మినా! ఇదిగో, చూడు" అని రసీదు ముందుకు చాచింది. ఆయన దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు.

"నిన్ను తీయమని ఎవురన్నా అన్నారా?"

"లేదు మావా."

"నీ చేత్తో నువ్వే తీసినావా?"

అవునని తల ఊపింది.

"ఎందుకు తీసినావని మన దాంట్లో అడగరమ్మా. అడిగితే నీకు ముందు తీసిన ఆడోళ్లందరికీ నేనేం జవాబు చెప్పేది?"

రమణయ్య గంప ఎత్తి ఆమె ముందర పెట్టాడు. "ఈ పూటకు నువ్వే తీసుకో వదినా" అన్నాడు, మొహం చూపించలేక. ఆమె ముట్టుకోలేదు. అప్పటికే నాగులమ్మ, మిగతా ఆడవాళ్లు ఏడుస్తూ వచ్చి ఆమెను చుట్టుకున్నారు. ఇద్దరు రెక్కలు పట్టుకుని కర్మ స్నానానికి నీళ్ల అంచుకు నడిపించారు. మస్తానమ్మ పెనుగులాడలేదు. మొదటి చెంబు నెత్తిన పడగానే మాత్రం ఉలిక్కిపడి, రసీదు పట్టుకున్న చేతిని పైకెత్తింది. నీళ్లు మొహం మీద కారుతుంటే, కళ్లు మూసుకుని, ఆ చేయి దించకుండా అరుస్తూనే ఉంది.

"పైనుంచి పోయొద్దండే, ఆయన పేరు తడుస్తాది! ఆయన పేరు తడుస్తాది!"