పక్క సీటు

క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయంలో కార్లు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి ఎజ్రా పాస్‌పోర్టునీ డ్రైవింగ్ లైసెన్సునీ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఎంతో మర్యాదగా తల అడ్డంగా ఊపింది. పాస్‌పోర్టులో ఉన్నది ఎజ్రా. లైసెన్సులో ఉన్నది అబ్బులు.

"హోమ్ నేమ్ అబ్బులు, చర్చ్ నేమ్ ఎజ్రా. మేన్ సేమ్" అన్నాడు ఎజ్రా గుండె మీద చెయ్యి వేసుకుని.

మనిషి ఒకడే అని నమ్మడానికి ఆ అమ్మాయికి అభ్యంతరం లేనట్టే ఉంది. ఆమె ముందున్న కంప్యూటరే ఒప్పుకోలేదు.

గవర్నమెంటు ఉద్యోగం రాకముందు ఎజ్రా కొన్నాళ్ళు కడియంలో మేనమామ లారీ నడిపాడు. మొక్కల లోడు వేసుకుని నాగపూర్ దాకా వెళ్ళొచ్చేవాడు. అప్పట్లో లైసెన్సు తీయించిన ఏజెంటుకి మేనమామ చెప్పిన పేరు అబ్బులు. ఇంట్లో అందరూ పిలిచే పేరు అదే మరి. తర్వాత ఎన్నిసార్లు రెన్యువల్ చేయించినా అలాగే వస్తూ పోయింది. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఎజ్రా గారు, బండెక్కితే అబ్బులు. ఇన్నేళ్ళలో ఆ ఇద్దరినీ ఒకచోట నిలబెట్టి చూసినవాళ్ళు లేరు.

"నా లైసెన్సు ఉందిగా అండీ" అంది రూబీ వెనకనుంచి.

రూబీ కడియం హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళయి పాతికేళ్ళయిందని, ఒక్కసారైనా మంచుకొండలు చూడాలని పట్టుబట్టి ఈ ప్రయాణం పెట్టింది ఆమే. సింగపూర్‌లో విమానం మారాక రాత్రంతా మధ్య సీట్లో నిటారుగా కూర్చునే వచ్చింది. ఎజ్రా ఆమె భుజం మీద తల వాల్చి గురకపెట్టి నిద్రపోయాడు. దిగేసరికి ఆయన ముఖం కడిగిన కుండలా ఉంది, ఆమె కళ్ళు మిరపకాయల్లా ఉన్నాయి.

ఆమె లైసెన్సు చూసి కౌంటరమ్మాయి వెంటనే నవ్వింది. అక్షరం తేడా లేదు.

"పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయించుకోండి మేడమ్ అని లోకనాథ్ గారు అప్పుడే చెప్పారు. చూశారా!" అంది రూబీ.

చూశాడు ఎజ్రా. విమానంలో ఉన్నంతసేపూ వినబడని ఆ పేరు, నేల మీద కాలు పెట్టగానే ఎదురొచ్చింది.

లోకనాథ్ రాజమండ్రిలో ఓ డ్రైవింగ్ స్కూల్లో నేర్పే మనిషి. సముద్రం వైపు చేపలు పట్టుకునే కుటుంబంలోంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. రూబీ అతని దగ్గర చేరిన సంగతి ఎజ్రాకి ఆమె స్టీరింగ్ పట్టుకోవడం వచ్చేసిన తర్వాతగాని తెలియలేదు. అంతకు చాలా ఏళ్ళ ముందు, సొంత కారు కొన్న కొత్తలో, ఎజ్రాయే ఆమెకి నేర్పబోయాడు. కాలవ గట్టు మీద ఆమె క్లచ్ టక్కున వదిలేసిందని గట్టు పొడుగునా వినబడేలా కేకలేశాడు. ఆమె బండి ఆపి, దిగి, అటుగా వచ్చిన ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళిపోయింది. "నీ వల్ల కాదులే" అని ఆయన తీర్పు చెప్పేశాడు. అలా చెప్పినందుకు ఆయనకి ఏనాడూ బాధ లేదు. ఆమె వల్ల అయ్యేలా చేసినవాడు వేరే ఒకడున్నాడన్నదే బాధ. ఒకే ఒక్కసారి చూశాడతన్ని. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, కారు తలుపు తీసి పట్టుకుని, "రండి మేడమ్" అంటున్నాడు. పాతికేళ్ళలో తాను రూబీకి ఏ తలుపూ తీసి పట్టుకున్న గుర్తు ఎజ్రాకి లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తెల్ల కారు ఎండలో నిలబడి ఉంది. మన దేశంలోలాగే స్టీరింగు కుడివైపు. ఎజ్రా అలవాటు కొద్దీ తిన్నగా కుడి తలుపు దగ్గరికి నడిచాడు. రూబీ వచ్చి పక్కన నిలబడింది. తాళం చేతిలో ఆడించింది.

"అబ్బులు గారూ, మీరు అటు."

"వెటకారమా?"

"లేదండీ, కంప్యూటరు మాట."

ఆయన కారు చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ సీటు ఎప్పుడూ రూబీది. మోకాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

బండి కదిలే ముందు ప్రార్థన చేయడం వాళ్ళింట్లో రివాజు. ఎప్పుడూ ఎజ్రాయే చేస్తాడు. ఈసారి ఆయన గొంతు సవరించుకునేలోగా రూబీ కళ్ళు మూసుకుని మొదలుపెట్టేసింది.

"ప్రభువా, రాత్రంతా ఆకాశంలో మమ్మల్ని కాచావు, ఈ దారిలో కూడా మాతో ఉండు తండ్రీ. నా చేతులకి బలమియ్యి. లోకనాథ్ గారు నేర్పినవన్నీ సమయానికి గుర్తు తెప్పించు..."

ఆమెన్ అనడానికి ఎజ్రాకి చాలాసేపు పట్టింది.

"ప్రార్థనలోకి కూడా తెచ్చేశావా అతన్ని?"

"అవసరం కదండీ. గేర్లు లేని బండి నేనెప్పుడు నడిపాను?" అంటూ రూబీ ఫోను తీసి ఏదో నొక్కింది. కారంతా ఒక మగగొంతు నిండిపోయింది. "నమస్తే మేడమ్. ఆటోమేటిక్ అయితే ఎడం కాలికి పని లేదు మేడమ్, వెనక్కి మడిచి పెట్టేసుకోండి. అది కదిలిందా, బ్రేకు మీద పడిపోద్ది. మీరు చెయ్యగలరు, కంగారేం లేదు..."

"మీరు చెయ్యగలరు!" అన్నాడు ఎజ్రా కిటికీలోంచి బయటికి చూస్తూ. "అంటే మిగతావాళ్ళు చెయ్యలేరని చెప్పుకున్నారేంటి ఇద్దరూ?"

"మీరు ఊరుకోండి బాబూ, నాకు కాళ్ళు వణుకుతున్నాయి."

కాళ్ళు వణికినా బండి వణకలేదు. ఊరు దాటి మైదానాల్లోకి వచ్చేసరికి రూబీ చేతులు కుదురుకున్నాయి. ఎజ్రాకి అదే పుండు మీద కారమైంది. ఒక్క తప్పు చేస్తే బాగుండునని ఉంది. ఆ కోరిక తనకే రోతగా తోచినా పోవడం లేదు. ఆయన కుడికాలు పక్క సీట్లో లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

"హారన్ కొట్టు, ఆ సైకిలు మీదకొచ్చేస్తాడు!"

"ఇక్కడ కొట్టరంటండీ. తిట్టినట్టట."

"ఎవరన్నారు?"

రూబీ సైకిలుకి దూరంగా జరిగి ముందుకెళ్ళింది.

"చెప్పు, ఎవరన్నారు? అతనెప్పుడొచ్చాడు ఈ దేశం? యానాం దాటి ఉంటాడా అసలు?"

"రాలేదండీ. నాకోసం యూట్యూబులో వీడియోలు చూసి చెప్పారు."

నాకోసం. ఎజ్రా ఆ మాటని నోట్లో రాయిలా తిప్పుకుంటూ కూర్చున్నాడు. పాతికేళ్ళలో రూబీ కోసమని ఆయన ఏం చూశాడు, ఏం తెలుసుకున్నాడు అంటే చప్పున ఒక్కటీ తట్టలేదు. తట్టకపోవడం కూడా లోకనాథ్ తప్పే అనిపించింది.

కొండలు దగ్గరపడ్డాయి. దారి సన్నబడి, ఒక ఏటి మీద వంతెన వచ్చింది. అచ్చం మన లాకుల దగ్గరి వంతెనలా ఒక్క బండి మాత్రమే పట్టే వెడల్పు. అవతలి ఒడ్డున ఒక వ్యాను అప్పుడే వచ్చి ఆగింది. రూబీ వంతెన ఎక్కబోతుండగా ఆ వ్యాను తటతటా లైట్లు కొట్టింది.

రూబీ బ్రేకు తొక్కేసింది.

ఎదుటివాడు లైటు కొడితే నేనొస్తున్నాను ఆగు అని అర్థం. కాలవ గట్ల మీద, లంకల్లో, నరసాపురం రోడ్డు మీద ఎక్కడైనా అంతే. ఆమె ఆగింది. వ్యాను రాలేదు. మళ్ళీ లైట్లు కొట్టింది. ఆమె ఇంకాస్త వెనక్కి జరిగింది. వెనక ఇంకో కారు వచ్చి నిశ్శబ్దంగా నిలబడింది. వ్యానూ కదలదు, రూబీ కదలదు.

"రాడేంటండీ ఈ మనిషి? లైటు కొట్టి కూర్చున్నాడు!"

ఎజ్రా కళ్ళు చిట్లించి చూశాడు. వ్యానులోని ముసలాయన చెయ్యి ఊపుతున్నాడు. దా, దా అని.

"నిన్నే రమ్మంటున్నాడు. ఇక్కడ లైటు కొడితే నువ్వు రా అని కాబోలు. వెళ్ళు, వెళ్ళు!"

రూబీ వంతెన దాటింది. ముసలాయన నవ్వి పలకరింపుగా వేళ్ళు ఎత్తాడు. ఎజ్రా ఒళ్ళంతా పులకరించింది. పొద్దుటినుంచి ఎక్కడో ఇరుక్కున్న ఊపిరి ఇప్పుడు బయటికొచ్చింది.

"మొత్తానికి మీ లోకనాథ్ గారికి తెలియనిది కూడా ఉందన్నమాట! వీడియోల్లో చూపించలేదా ఇది? ఆయ్, ప్రపంచమంతా గోదారి జిల్లా అనుకున్నాడు పాపం! గురువు అలా ఉంటే శిష్యురాలు ఇలాగే గుడ్లప్పగించుకుని నిలబడుద్ది..."

ఇంకా చాలా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. గొంతు ఎప్పుడు పెరిగిందో ఆయనకే తెలియదు.

రూబీ కారుని రోడ్డు దిగువకి తీసి, గడ్డిలో ఆపేసింది. ఇంజను కట్టేసి తాళం ఆయన ఒళ్ళో పడేసింది.

"తీసుకోండి. మీరే నడపండి."

"నేనెలా నడుపుతానే? కంప్యూటరు..."

"అబ్బులు గారిలా నడపండి. నా వల్ల కావట్లేదు. నాకు నిద్దరొస్తందండీ. కళ్ళు మూతలు పడిపోతున్నాయి. ఎప్పుడు తప్పు చేస్తానా అని మీరు కాసుకు కూర్చుంటే ఆ భయానికి తెరుచుకుని ఉన్నాను. ఏముంది ఆ మనిషిలో అని మీకు కదా? ఏమీ లేదు. నేను బండి గోడకి గుద్దినా కేకలెయ్యలేదు. అంతే."

అని సీటు వెనక్కి వాల్చి, చున్నీ ముఖం మీద వేసుకుని, మాట ముగించినంత తేలిగ్గా నిద్రపోయింది.

ఎజ్రా తాళం పట్టుకుని కూర్చున్నాడు. గొర్రెలు గడ్డి తింటున్నాయి. దూరంగా ఆమె చూడాలనుకున్న మంచుకొండలు తెల్లగా నిలబడి ఉన్నాయి. ఆమెని లేపి చూపిద్దామనుకుని ఊరుకున్నాడు.

రూబీ ఫోను గుర్రుమంది. లోకనాథ్ నుంచి వాయిస్ మెసేజి. అక్కడ ఇంకా పొద్దున్నే అయి ఉంటుంది. ఎజ్రా ఆమె వంక చూసి, ఫోను తీసుకుని చప్పుడు కాకుండా కారు దిగి, చెవికి ఆనించుకున్నాడు.

"గుడ్ మార్నింగ్ మేడమ్. బండి తీశారా? రాత్రంతా నిద్దర లేకపోతే మాత్రం గంట పడుకుని వెళ్ళండి మేడమ్. ఇంకోటి, సార్ చెప్పినట్టు వెళ్ళండి. మీరే అనేవారు కదా, మా ఆయన రాత్రిపూట లారీ తోలిన మనిషి, ఆయన పక్కనుంటే నాకు ఏ రోడ్డయినా భయముండదు అని. నాకు తెలిసింది మన ఊళ్ళ రోడ్లే కదండీ..."

వెనక ఎవరో కొత్తగా నేర్చుకునేవాళ్ళు గేరు గరగరలాడించారు. మెసేజి అయిపోయింది.

ఎజ్రా దాన్ని మళ్ళీ విన్నాడు. రూబీ ఎప్పుడంది ఆ మాట? అతనితో ఎందుకంది, తనతో అనకుండా? సంతోషం రావలసిన చోట కోపమే వచ్చింది. తన పెళ్ళాం తన గురించి అనుకున్న ఒక్క మంచి మాటా ఆ లోకనాథ్ దగ్గర ఇన్నాళ్ళూ భద్రంగా ఉంది. ఇప్పుడు అతను దాన్ని ఉదారంగా పంపిస్తే తాను పుచ్చుకోవాలి.

తలుపు తీసిన చప్పుడుకి రూబీ లేచింది. చున్నీ తీసి, అద్దంలో ముఖం చూసుకుని, ఆయన చేతిలో ఫోను చూసింది.

"ఎవరండీ?"

"అతనే. మీ లోకనాథ్ గారు."

"ఏమన్నారు?"

ఎజ్రా గొర్రెల వైపు చూశాడు. "నిద్దరొస్తే కాసేపు పడుకుని వెళ్ళమన్నాడు."

"అంతేనా?"

"అంతే."

ఆమె వింటుందేమోనని ఆయన ఫోను చేతిలోంచి వదల్లేదు. రూబీ దాన్ని అడగనే లేదు. సీటు నిలబెట్టుకుని, బెల్టు పెట్టుకుని, తాళం కోసం చెయ్యి చాపింది.

"సరే అయితే. మీరు చెప్పారుగా, మళ్ళీ వినడమెందుకు. పదండి."

ఎజ్రా తాళం ఆమె చేతిలో పెట్టాడు. ఆ నమ్మకం తనదే అని సంతోషించబోయాడు, కానీ సగం మాట మింగి సంపాదించిన నమ్మకం గొంతు దిగడం లేదు. కారు గడ్డిలోంచి రోడ్డెక్కింది. ఫోనుని ఆయన తన చొక్కా జేబులోనే ఉంచుకుని, పైన చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.