చేతుల ఊతం లేకుండా

ఉదయం క్లాసు వేళకు భ్రమరాంబ కుర్చీ నేలలోకి ఇంకాస్త దిగి ఉంటుంది. నిన్న గచ్చు ఆవిడ మోకాళ్ల దాకా ఉండేది, ఇవాళ గడ్డం దాకా వచ్చింది. కీమో ఎక్కించుకున్న మనిషి బరువు కుర్చీకి వేరేగా తెలుస్తుంది మరి. భ్రమరాంబ ఫోనును మరచెంబుకు ఆనించి, దాని ముందు తల సర్దుకుంటుంది.

ఫోనులో గళ్లు గళ్లుగా మనుషులు. అందరూ అరవై దాటినవాళ్లే, అందరికీ ఎక్కడో ఒకచోట క్యాన్సర్. వాళ్లచేత ఇంట్లోంచే వ్యాయామం చేయించే పిల్ల రుబీనా హైదరాబాదులో ఉంటుంది.

"అమ్మా, కెమెరా కొంచెం దించండి. మీ తలే కనబడుతోంది."

"కెమెరా బాగానే ఉందమ్మా. నేనే దిగాను."

"అలాగా. అయితే పాదాలు ఆడించండి."

భ్రమరాంబ పాదాలు కింది వాటాలో ఆడుతాయి. చలేస్తుందేమోనని ఆ ఇంటావిడ స్టూలెక్కి వాటికి మేజోళ్లు తొడుగుతుంది.

డాక్టరు నిన్ననే తేల్చి చెప్పాడు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవగలిగితేనే రేపు మందు, లేకపోతే ఒళ్లు తట్టుకోదు. మందు ఆపేస్తే గడ్డ ఊరుకుంటుందా? అది తలుచుకుంటే భ్రమరాంబకు భయం వేస్తుంది, వేసినప్పుడల్లా కుర్చీ ఓ వేలెడు దిగుతుంది.

"ఇప్పుడు చేతులు గుండెల మీద పెట్టుకుని లేవండి," అంటుంది రుబీనా.

ఎవరూ లేవరు. విజయనగరం గడిలోని పైడిరాజు గారు, "లెగుస్తానమ్మా, తొందరేటి?" అంటాడు.

అంతలో ఓ గడిలోంచి ఎవరో ముక్కు ఎగబీలుస్తారు.

"ఎవరివో పాలు పొంగిపోతున్నాయి!"

అంతే, అన్ని గళ్లలోనూ అందరూ దిగ్గున లేస్తారు. పాలు పొంగుతున్నాయంటే ముందు కాళ్లు కదులుతాయి, ఎవరి పాలన్నది తర్వాత. భ్రమరాంబ గచ్చు చీల్చుకుని లేస్తుంది, రెండు చేతులూ గుండెల మీదే ఉన్నాయి. నిజానికి ఇవాళ ఆవిడకు పాల ప్యాకెట్టే రాలేదు.

పొంగినవి పైడిరాజు గారివి. "పొంగితే మంచిదే కదేటండీ," అంటాడాయన స్టవ్వు కట్టేస్తూ.

"గృహప్రవేశం నాడైతే మంచిదే. మామూలు రోజైతే స్టవ్వు తుడుచుకోవాలి," అంటుంది భ్రమరాంబ. ఆ మాట నిలబడి అంటున్నానని తెలిసి, సంతోషం పట్టలేక పకపకా నవ్వుతుంది.

"శభాష్! ఇక కూర్చోండి."

చిక్కంతా ఇక్కడే. లేవడం ఇంకా పూర్తి కాలేదు. తల స్లాబుకు తగిలితే పై వాటావాళ్లు చాప జరిపి దారి ఇస్తారు.

"కాఫీ తాగి వెళ్లండి పిన్నిగారూ."

"దిగేటప్పుడు తాగుతానమ్మా."

డాబా దాటాక కాకినాడ గాలి చల్లగా ఉంటుంది. దూరంగా విజయనగరం మీద పైడిరాజు గారు నడుము దాకా కనబడుతున్నాడు, చేతిలో పట్టకారు.

కింద డాక్టరూ నర్సూ స్కూటరు దిగుతారు. డాక్టరు మెడ వెనక్కి వంచి అరుస్తాడు.

"లేచారా?"

"లేచానండీ!"

"చేతులూ?"

భ్రమరాంబ గుండెల మీది చేతులు చూపిస్తుంది.

"అయితే రేపటిదాకా దేనికి? ఇప్పుడే ఎక్కించేద్దాం."

నర్సు సెలైను గొట్టం చుట్ట విప్పి, గాలిపటానికి దారం వదిలినట్టు పైకి వదులుతుంది. అది డాబాలు దాటి, కాకులను తప్పించుకుంటూ వచ్చి ఆవిడ మోచేతి దగ్గర ఆగుతుంది. భ్రమరాంబ చెయ్యి చాపుతుంది. మందు వీధిలోంచి చుక్క చుక్కగా పైకి కురవడం మొదలుపెడుతుంది.